కాటా అక్క పట్టుకున్న దొంగ

మా పై వాటాలో ఉండే ఆవిడను వీధి వీధంతా కాటా అక్క అంటుంది. ఇరవై రెండేళ్లుగా కుక్కల ఆసుపత్రిలో పనిచేస్తోంది. ఆ ఉద్యోగానికి ఏదో పెద్ద పేరే ఉందట కానీ చేసే పని మాత్రం ఒకటే. తలుపు పక్కన నేలమీద పరిచిన ఇనప పలక కాటా దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి కుక్కనూ దాని మీదకు ఎక్కించడం, అంకె రాయడం, ఆ తర్వాత తల ఎత్తి యజమాని మొహంలోకి చూడటం. ఆ చూపు భరించలేక ఆసుపత్రి మార్చేసినవాళ్లు నాకు తెలుసు.

నేను దర్జీని. కింద వాటాలో ముందుగది నా దుకాణం, వెనకగది నా కాపురం. ఆవిడ కుక్కల్ని తూస్తుంది, నేను మనుషుల్ని కొలుస్తాను. ఇద్దరం అంకెలు చూసి బతికేవాళ్లమే. అయినా ఆవిడ భర్త మా ఇద్దరి కళ్లముందే నడుము దగ్గర ఆరు అంగుళాలు తగ్గిపోయాడు. ఆయన పోయి ఏడు నెలలైంది. ఈ కథలో నేను మంచిదాన్ని కాను. ఆ సంగతి ముందే చెబితే చదివేవాళ్లకూ నాకూ తేలిగ్గా ఉంటుంది.

అక్క పని తీరు గురించి కాస్త చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. కుక్కల విషయంలో జనానికి చేతికి ఎముక ఉండదు. ఇంట్లో ఐదుగురుంటే ఐదుగురూ "నేను చిన్న ముక్కే పెట్టాను" అంటారు. ఐదు చిన్న ముక్కలు కలిస్తే ఇంకో భోజనం అవుతుందని ఒక్కరికీ తట్టదు. "రోజుకి ఒక్క కప్పే పెడతానండీ" అని ఒట్టేసిన ఒకావిడను ఆ కప్పు తెచ్చి చూపించమంటే, మొక్కలకు నీళ్లు పోసే మగ్గు పట్టుకొచ్చింది. "మా వాడు ఏమీ తినడు, గాలి పీల్చినా లావెక్కుతాడు" అన్న పెద్దమనిషి మాట్లాడుతుండగానే అక్క కుక్క గడ్డం కింద వేలు పెట్టి, ఎండిపోయిన కేకు క్రీము గీకి ఆయనకు చూపించింది.

అలాంటివాళ్లకు అక్క మూడు మెట్లు పెట్టుకుంది. మొదట కొలత కప్పు ఇస్తుంది, అంచుకు సమంగా గీసి పోయాలి, గుట్టగా కాదు. కుక్క పక్కటెముకల మీద యజమాని చేతినే పెట్టించి, "ఇక్కడ ఎముకలు తగలాలి. తగలట్లేదంటే నువ్వు దానికి దుప్పటి కప్పేశావన్నమాట" అంటుంది. పైనుంచి చూస్తే నడుము కనపడాలంటుంది. అప్పటికీ తగ్గకపోతే ఇంటిల్లిపాదినీ రమ్మని, ఒక్కొక్కరినీ విడివిడిగా కూర్చోబెట్టి అడుగుతుంది. పోలీసుల కన్నా ఘోరం. అదీ పనిచేయకపోతే మూడో మెట్టు, కుక్కను పది రోజులు ఆసుపత్రిలోనే ఉంచుకుంటుంది. అక్కడ బరువు తగ్గిందంటే దొంగ ఇంట్లోనే ఉన్నట్టు. ఇలా మూడు వందల ఇళ్లలో దొంగల్ని పట్టానని ఆవిడ లెక్క. నిజమే అయి ఉంటుంది. ఆ కుక్కలు మళ్లీ మెట్లెక్కడం, ఆయాసం లేకుండా నిద్రపోవడం నేను కూడా చూశాను. ఆవిడ పని మంచిది కాదని నేనెప్పుడూ అనను, ఈరోజుకీ అనను.

బావగారు, అంటే అక్క భర్త, స్కూలు వ్యాను నడిపి మానేసిన మనిషి. నోట్లో నాలుక లేని మనిషి. పిల్లలు లేరు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ గొంతు నాకు పైనుంచి వినపడేది, ఆయనది ఎప్పుడూ వినపడలేదు. వాళ్లింట్లో ఒక గోధుమరంగు ఆడకుక్క ఉండేది, ఇప్పటికీ ఉంది. దాని ఆకారం చూసి వీధి పెట్టిన పేరు బస్తా. కుక్కల బరువు తగ్గించే ఆవిడ ఇంట్లో బస్తా ఏమిటని జనం నవ్వేవాళ్లు, నేనూ నవ్వాను. అక్క నవ్వేది కాదు. పగలంతా తను ఆసుపత్రిలో, కుక్క ఇంట్లో. దారిన పోయే ప్రతివాడూ దానికి ఏదో ఒకటి పడేసేవాడు. అందులో నేనూ ఒకదాన్ని.

పోయిన ఏడాది బస్తా మెట్లు దిగుతూ జారి పడింది. వెనక కాలి మోకాలి నరం తెగింది. కుక్కల డాక్టరు చూసి, "ఇప్పుడు ముప్పై ఎనిమిది కిలోలుంది. ముప్పై రెండుకి తీసుకురా, అప్పుడు కోస్తాను. ఈ బరువు మీద కోస్తే రెండో కాలు కూడా పోతుంది" అన్నాడట. అక్కకు ఇది ప్రాణం మీదికి వచ్చినట్టయింది. ఉద్యోగం చేసే చోట తలెత్తుకోవాలి, పైగా ఆ కుక్కంటే పిచ్చి. ఆ సాయంత్రమే మా గుమ్మంలోకి వచ్చి, "ఇక నుంచి దీనికి గోరంత కూడా పెట్టొద్దు. నీ కాళ్లు పట్టుకుంటా" అంది. సరేనన్నాను. పెట్టలేదు కూడా. ఎవరు నమ్మినా నమ్మకపోయినా, ఆ రోజు తర్వాత నేను దానికి రస్కు ముక్క కూడా పెట్టలేదు.

మొదటి నెల కిలోన్నర తగ్గింది. రెండో నెల తగ్గలేదు. మూడో నెల కిలో పెరిగింది. అక్క కప్పు కాస్తా ముప్పావు చేసింది, తర్వాత అరకప్పు చేసింది. బిస్కెట్లు మాన్పించి ఉడికించిన బీన్సు ముక్కలు అలవాటు చేసింది. కుక్క ఇంకా పెరిగింది. ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి, ఏం పెట్టినా రాయాలంది. ఆ కాగితం మీద ఆవిడ రాతే తప్ప ఇంకో గీత లేదు. బావగారిని కూర్చోబెట్టి అడిగింది.

"నేనేం పెట్టట్లేదే" అన్నాడాయన.

అబద్ధమాడే మనిషి కాదని నమ్మింది. పైగా ఆయన కంచం ఎప్పుడూ శుభ్రంగా ఉండేది. ఆవిడకు కంచంలో మెతుకు వదిలితే ఒళ్లు మండుతుంది. ఆయన మాత్రం ఈమధ్య ఒక్క మెతుకు కూడా వదలట్లేదని, వయసొచ్చాక బుద్ధిగా తింటున్నాడని నాకే చెప్పి మురిసిపోయింది.

ఆ రోజుల్లోనే బావగారు రెండు ప్యాంట్లు పట్టుకుని దుకాణానికి వచ్చాడు. నడుము దగ్గర వదులయ్యాయి, లోపలికి పట్టి కుట్టమన్నాడు. ముప్పై ఆరు నుంచి ముప్పై నాలుగు. "ఏంటి బావగారూ, అక్క మీక్కూడా కప్పుతో కొలిచి పెడుతోందా?" అన్నాను. ఆయన నవ్వాడు. "నడుస్తున్నానమ్మాయ్, కుక్కని తిప్పుతున్నా కదా" అన్నాడు. కుంటుతున్న కుక్కను ఎంత దూరం తిప్పుతాడు? అప్పుడు ఆ ఆలోచన రాలేదు.

నాలుగో నెలలో అక్క నా మీద పడింది. మధ్యాహ్నాలు బస్తా కుంటుకుంటూ వచ్చి నా గుమ్మం ముందు నీడలో పడుకునేది. అదొక్కటే ఆవిడకు దొరికిన ఆధారం. దుకాణంలో ముగ్గురు ఆడవాళ్లు కొలతలకు నిలబడి ఉన్నారు. అక్క నేరుగా లోపలికొచ్చి, నా కత్తిరింపు ముక్కల బుట్ట బోర్లించింది. గుడ్డ పీలికల మధ్య ఖాళీ బిస్కెట్ ప్యాకెట్టు బయటపడింది. అది నేను తిన్నది.

"చెప్పాను కదా నీకు! కాళ్లు పట్టుకుంటానన్నాను కదా! ఇదేం ప్రేమ? చంపుతున్నావు దాన్ని!" అంది.

"అది నా తిండి అక్కా. ఒట్టు, దానికి పెట్టలేదు."

"అందరూ ఇదే మాట. ఇరవై రెండేళ్లుగా వింటున్నా ఈ మాట."

ముగ్గురు ఆడవాళ్లూ నన్ను చూస్తున్నారు. అప్పుడు నేనన్న మాట రాయడానికి చెయ్యి రావట్లేదు, కానీ రాయకపోతే మిగతాది అబద్ధమవుతుంది. "కన్నపిల్లలుంటే తెలిసేది, ఎవరికేం పెట్టాలో. కుక్కని ఒళ్లో పెట్టుకుని ఊరందరి మీదా పెత్తనం చేస్తే తల్లివైపోవు" అన్నాను.

అక్క బోర్లించిన బుట్టలోకి పీలికలన్నీ తనే ఎత్తి పోసి, ప్యాకెట్టు కూడా అందులోనే వేసి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి మా మధ్య మాటల్లేవు. మెట్ల మీద ఎదురైతే ఎవరి గోడ వైపు వాళ్లం తిరిగేవాళ్లం.

నెల తిరక్కుండా బావగారు మళ్లీ వచ్చాడు, అవే ప్యాంట్లతో. ముప్పై రెండు. చొక్కా కాలరు కూడా మెడ చుట్టూ వేలాడుతోంది. "మీ అక్కకి చెప్పకమ్మాయ్" అన్నాడు. నా దుకాణానికి వచ్చాడని తెలిస్తే ఆవిడ రాద్ధాంతం చేస్తుందని భయపడుతున్నాడనుకున్నాను. ఆ మాటకు ఇంకో అర్థం ఉంటుందని నాకు తోచలేదు. పైగా, నిజం చెప్పొద్దూ, ఆవిడకు తెలియకుండా ఆవిడ మొగుడి బట్టలు కుడుతున్నందుకు లోపల కాస్త సంతోషంగా కూడా ఉంది.

మూడోసారి వచ్చినప్పుడు టేపు పెట్టి చూస్తే ముప్పై. టేపు వెనక్కి లాగి మళ్లీ పెట్టాను. ముప్పయ్యే. కూర్చోమని మంచినీళ్లిస్తే, ఒక్కో గుక్కకూ మెడ సాచి, కళ్లు మూసుకుని మింగాడు. గ్లాసు సగంలోనే పెట్టేశాడు.

"బావగారూ, ఒంట్లో బాగోలేదా? డాక్టర్ని చూశారా?"

"మా అన్నయ్య చూశాడమ్మాయ్ డాక్టర్ని" అన్నాడు. అంతే, ప్యాంట్లు బల్ల మీద పెట్టి లేచాడు.

వాళ్ల అన్నయ్య ఎలా పోయాడో నాకు తెలుసు. గొంతు కింద గడ్డ. ఏడాది పాటు ఆసుపత్రుల చుట్టూ తిప్పి, ముక్కులోంచి గొట్టం వేసి, చివరికి ఆ గొట్టంతోనే పోయాడు. పక్కన కూర్చుని చూసింది ఈయనే. కాబట్టి నాకు తెలియలేదని అనడానికి లేదు. ఆ సాయంత్రం నేను మెట్లెక్కాను కూడా. సగం దాకా వెళ్లాను. లోపల అక్క కుక్కతో మాట్లాడుతోంది, "ఎవరు పెడుతున్నారే నీకు? చెప్పవే, ఆ కిందావిడేనా?" అని. అంతే, నా కాళ్లు ఆగిపోయాయి. ఆవిడ మొగుడి నడుము ఎంతుందో ఆవిడకు పట్టనప్పుడు నాకెందుకు అనుకున్నాను. తిరిగొచ్చి మిషను తొక్కుకున్నాను. ప్యాంట్లు ముప్పైకి పట్టి, ఇస్త్రీ చేసి, మర్నాడు ఆయన చేతికిచ్చాను. చాలా నీటుగా కుదిరాయి.

ఇంకో రెండు నెలలు అలాగే గడిచాయి. బస్తా ముప్పై తొమ్మిదికి చేరింది. ఇక అక్క పంతం పట్టి మూడో మెట్టు ఎక్కింది. తన కుక్కను తనే తీసుకెళ్లి ఆసుపత్రి బోనులో పెట్టి, పది రోజులు అరకప్పు లెక్కన తన చేత్తోనే వేసింది. ఇంట్లో బావగారొక్కడే. ఆ తర్వాత జరిగింది అక్కే నాకు చెప్పింది, ఒకే ఒక్కసారి, నిలబడి.

కుక్క లేని మొదటి రోజు ఆయన ఆకలి లేదన్నాడట. ఆవిడ ఊరుకోలేదు, పక్కన కూర్చుని తిను అంది. ఆయన కాసేపు కెలికి, ఆవిడ నీళ్లకు లేవగానే కంచం ఖాళీ చేశాడు. రెండో రోజూ అంతే. ఆరో రోజు కాటా మీద బస్తా కిలో తగ్గింది. అక్క ఉబ్బితబ్బిబ్బై ఇంటికొచ్చింది. "చూశావా! ఇంటి దగ్గరే ఎవరో పెడుతున్నారు. నే చెప్పలా, ఆ కిందావిడే!" అంటూ ఉతకాల్సిన బట్టలు బకెట్లో వేస్తోంది. బావగారి ప్యాంటు జేబు బరువుగా తగిలింది. చెయ్యి పెడితే పాత పేపరు పొట్లం. అందులో పొద్దున పెట్టిన అన్నం, కూర, నమలి ఉమ్మేసిన మాంసం ముక్క. రెండో జేబులోనూ అంతే. పరుపు కింద ఇంకో రెండు పొట్లాలు. పారేయడానికి ఆయనకు వీలు దొరకలేదు.

ఆయన కుర్చీలో కూర్చుని చూస్తున్నాడట. "మింగుడు పడట్లేదే. అది ఉన్నప్పుడు బల్ల కింద తినేసేది" అన్నాడట.

ఆ మనిషి బతికినన్నాళ్లూ ఆవిడతో ఆడిన అబద్ధం, ఏం పెట్టట్లేదన్న ఆ మాటొక్కటే. ఆ అబద్ధాన్ని మోసింది కుక్క. ఈయన తగ్గినదంతా అది పెరిగింది. పదిహేను రోజులకోసారి కాటా మీద అక్క రాసుకున్న అంకెలన్నీ నిజమైన అంకెలే. వాటిలో తన మొగుడి జబ్బు ఉందని ఆవిడ కనిపెట్టలేకపోయింది. మూడు వందల ఇళ్లలో "ఎవరు పెడుతున్నారు" అని అడగడం అలవాటైన మనిషికి "ఎవరు తినట్లేదు" అని అడగడం చేతకాలేదు.

పెద్దాసుపత్రిలో చూసి గడ్డ బాగా పెరిగిందన్నారు. ఆరు నెలల ముందు వస్తే కోయగలిగేవాళ్లమన్నారు. డాక్టర్లందరూ ఆ మాటే అంటారని నాకు తెలుసు. కానీ ఈసారి ఆరు నెలల లెక్క నా కొలతల పుస్తకంలోనే ఉంది, తేదీలతో సహా.

వారం తర్వాత అక్క దుకాణానికి వచ్చింది. వార్డులో బట్టలు మార్చేటప్పుడు నడుము పట్టీ లోపల మూడు వరుసల కుట్లు చూసిందట. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"ఎంత నుంచి ఎంతకి?" అంది.

"ముప్పై ఆరు నుంచి ముప్పైకి."

"నీకెప్పుడు తెలుసు?"

చెప్పాను. నెలతో, వారంతో చెప్పాను. మెట్ల మీద సగం దాకా వచ్చి తిరిగిపోయిన సంగతి కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో, దాచుకుని ఉంటే పోయేదేమో, తెలియదు. జేబుల సంగతి ఆవిడ నాకు చెప్పింది అప్పుడే. అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే నాలుగు మాటలు నేనూ అని, ఇద్దరం ఏడ్చి, ఏదో ఒకటి తేలేది. అక్క మెల్లగా అంది, "నేను అరిచింది నీ బిస్కెట్ల మీద. నువ్వు ఊరుకున్నది ఆయన ప్రాణం మీద."

ఆవిడ నాతో మాట్లాడిన ఆఖరి మాట అది.

బావగారు నాలుగు నెలలు ఉన్నాడు. ఆ నాలుగు నెలల్లో బస్తా ఏ మందూ లేకుండా, ఏ పంతమూ లేకుండా ముప్పై ఒకటికి దిగింది. బల్ల కింద పడేసేవాళ్లు లేరు మరి. కాలికి ఆపరేషను చేశారు, బాగా కుదిరింది. ఇప్పుడది నా గుమ్మం ముందు నుంచి చక్కగా నడుచుకుంటూ పోతుంది. పైనుంచి చూస్తే నడుము కనిపిస్తుంది. కుక్కల డాక్టరు దాని ఫోటో తీయించి, ముందొకటి, తర్వాతొకటి పక్కపక్కన పెట్టి, ఎన్ని కిలోలు తగ్గిందో పెద్దక్షరాలతో రాయించి, కాటా పైన గోడకు తగిలించాడు. తీసేయమని అక్క అడిగిందట. "నలుగురికీ ధైర్యం వస్తుందమ్మా, ఉండనీ" అన్నాడట. అక్క రోజూ ఆ ఫోటో కిందే నిలబడి పనిచేస్తోంది. వచ్చినవాళ్లు దాన్ని చూసి, ఎలా తగ్గించారండీ, ఆ చిట్కా మాకూ చెప్పండి అని అడుగుతారట. ఆవిడ ఏం చెబుతుందో నాకు తెలియదు.

తెలిసిన సంగతి ఒకటుంది. కప్పు కొలిచి పెట్టినా కుక్క బరువు పెరిగిందంటే, అక్క ఇప్పుడు ఎవరు పెడుతున్నారని అడగట్లేదు. "మీ ఇంట్లో ఎవరైనా సన్నబడ్డారా?" అని అడుగుతోంది. జనానికి ఒళ్లు మండుతోంది. కుక్కను చూపించడానికొస్తే మా ఇంటి మనుషుల గొడవ నీకెందుకని డాక్టరుకు ఇద్దరు ముగ్గురు ఫిర్యాదు చేశారు. ఆయన పిలిచి, ఆ ప్రశ్న ఇక అడగొద్దన్నాడు. అక్క సరేనని, మర్నాడు మళ్లీ అడిగింది. ఇరవై రెండేళ్ల మనిషిని తీసేయలేక ఆయన ఊరుకుంటున్నాడు. ఇంకెన్నాళ్లు ఊరుకుంటాడో తెలియదు.

మొన్న ఒకావిడ గౌను సరి చేయించుకోవడానికి నా దగ్గరకొచ్చింది. బొద్దుగా ఉన్న తెల్ల కుక్కను గుమ్మం బయట కట్టేసింది. నేను పిన్నులు పెడుతుంటే అద్దంలో నన్ను చూస్తూ, "ఆ కుక్కల ఆసుపత్రిలో ఒకావిడ ఉంది చూడండి, మతి ఉండే మాట్లాడుతుందా అసలు? మావాడు రెండు కిలోలు పెరిగాడంటే, మీ ఇంట్లో ఎవరు సన్నబడ్డారు అంటుంది! మొహం మీదే నాలుగు కడిగేసి వచ్చా" అంది.

నేను నోట్లో ఉన్న పిన్నులు తీసి చేతిలో పెట్టుకున్నాను.

"మరి, ఎవరైనా సన్నబడ్డారా?"

ఆవిడ నవ్వబోయి ఆగింది. "మా అత్తగారు కాస్త తగ్గారనుకోండి. వయసు కదా. తిండికేం లోటు లేదు, కంచం శుభ్రంగా ఖాళీ చేస్తారు."

"ఇవాళ కుక్కని బయట కట్టేసి, ఆవిడ తింటున్నంతసేపూ పక్కన కూర్చోండి. లేవకండి. నీళ్లక్కూడా లేవకండి."

ఆవిడ నా వైపు తిరిగింది. మొహంలో రంగు మారింది, కోపమో భయమో నేను చెప్పలేను. పిన్నులు ఉన్న గౌను అలాగే విప్పి, మడత కూడా పెట్టకుండా సంచిలో కుక్కుకుంది. గుమ్మం దగ్గర కుక్క తాడు విప్పుతూ, "ఆవిడ మీకేమవుతుంది?" అంది.

"పై వాటాలో ఉంటుంది. మేం మాట్లాడుకోం" అన్నాను.